నడపని కారు, పాటించని దీక్ష

"పదేళ్ళలో పదిహేను వేల కిలోమీటర్లే తిరిగింది, కొత్తదాని కిందే లెక్క" అని పాత స్పోర్ట్స్ కారు అమ్మేవాళ్ళు ఊరిస్తారు. మాట నిజమే కావచ్చు. కానీ నిలబెట్టి ఉంచితే కారు చెడిపోకుండా ఉంటుందా? టైర్ల రబ్బరు గట్టిపడి పగులుతుంది. బ్రేక్ ఆయిల్ తేమ పీలుస్తుంది. ట్యాంకులో పెట్రోలు పాడవుతుంది. టైమింగ్ బెల్టును కిలోమీటర్లు నిండకపోయినా ఏళ్ళు నిండితే మార్చాల్సిందే. ఫెరారీ ఎఫ్355లో ఆ పనికి ఇంజన్నే కిందికి దించాలి. అందుకే తెలిసినవాడు మీటరు చూసి మురిసిపోడు, సర్వీసు బిల్లులు అడుగుతాడు.

బుద్ధుడు చెప్పిన అనిత్యం ఇదే. వాడినా వాడకపోయినా ప్రతిదీ మారుతూనే ఉంటుంది. కాబట్టే ఏమరుపాటు వద్దని పరినిర్వాణ వేళ కూడా ఆయన గుర్తుచేశాడు.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞలు మనమూ తీసుకున్నాం. పటం కట్టి గోడకి తగిలించాం. కానీ పెళ్ళికి పంతులు దగ్గరికే పోతాం, చావుకి పిండం పెడతాం. అడిగితే "మేం ఎప్పుడో దీక్ష తీసుకున్నాం" అంటాం. అది మీటరు చూపించడమే.

మరి దీక్షకి సర్వీసు బిల్లు ఏది? మందు ముట్టని రోజు. అబద్ధం లేని బేరం. మాల, మాదిగ తేడా చూడకుండా కలిపిన వియ్యం.

వచ్చే పౌర్ణమికి ఇంటిల్లిపాదీ కూర్చుని 22 ప్రతిజ్ఞలూ చదవండి. ఏది ఎక్కడ ఆగిపోయిందో చూసుకుని, అక్కణ్ణుంచే మొదలుపెట్టండి.

జై భీమ్! నమో బుద్ధాయ!