మనవాడే కదా అన్న మాట



ధమ్మ బంధువులారా, ఈ నెల పుస్తకానికి పంచశీల గురించి రాయమని అడిగారు. పంచశీల గురించే రాస్తున్నాను. కాకపోతే ఇది ఒక సెల్‌ఫోన్‌తో మొదలవుతుంది.

నిరుడు ఎండాకాలంలో ఒక ఆదివారం. పుత్తూరులో మనం వందన చేసుకునే హాలులో త్రిశరణం, పంచశీల అయినాక ఒక తమ్ముడు లేచి, "అన్నా, పది నిమిషాలు టైమియ్యి, మనోళ్లకు ఒక మంచి విషయం చెప్పాల" అన్నాడు. డిగ్రీ చదివినవాడు. ఏప్రిల్ 14 ఊరేగింపులో ముందుండి జెండా పట్టేవాడు. నేను సరే అన్నాను. బాబాసాహెబ్ పటం కింద నిలబడి ఫోన్ తెరిచి ఒక కాయిన్ చూపించాడు. పది వేలు పెడితే రోజుకు నూరు రూపాయలు. ఇంకో మనిషిని చేర్పిస్తే దాని మీద కమీషన్. "బ్యాంకోడు మనకు లోనియ్యడు. షావుకారు వడ్డీతో పిండేస్తాడు. ఈడ నీ కులమేందని అడిగేవాడే లేడు" అన్నాడు. ఆ మాటకు హాలంతా చప్పట్లు. నేనూ కొట్టినాను.

మూడు నెలలు దుడ్లు సరిగ్గానే వచ్చాయి. ఆ తర్వాత యాప్‌లో అంకెలు పెరగడమే గానీ చేతికి రావడం ఆగిపోయింది. తీసుకోవాలంటే ముందు ట్యాక్స్ కట్టమన్నారు. కట్టినవాళ్లు అదీ పోగొట్టుకున్నారు. ఒకరోజు యాప్ తెరుచుకోనే లేదు. మరమగ్గాల దగ్గర కూలికి పోయే ఒక అక్క, పొదుపు సంఘంలో అప్పు తీసి నలభై వేలు పెట్టింది. ఆమె వందనకు రావడం మానేసింది. స్టేషన్ రోడ్డులో కనబడితే పలకరించాను. "నేను వాన్ని నమ్మలేదు నాయినా, ఆ పటాన్ని నమ్మినా" అనింది.

ఆ మాటకు జవాబు వెతుక్కుంటూ ఇది రాస్తున్నాను.

ముందు లెక్క చూడండి. ఆరోజు హాలులో ఎవరమూ వేయని లెక్క. పది వేలకు రోజుకు నూరు అంటే రోజుకు 1 శాతం. ఆ వచ్చిన దాన్ని తీసుకోకుండా అందులోనే ఉంచితే, ఏడాదికి పది వేలు 3 లక్షల 77 వేలు దాటుతుంది. రెండో ఏడాదికి కోటీ 42 లక్షలు. మూడో ఏడాదికి 53 కోట్లు. మగ్గాల ఓనరు కూడా ఇంత సంపాదించలేడు, టాటా బిర్లాలూ సంపాదించలేరు. ఇంత లాభం తెచ్చే కిటుకు నిజంగా ఒకడి దగ్గర ఉంటే, వాడు మన పది వేల కోసం పుత్తూరు దాకా ఎందుకొస్తాడు?

మనుషుల్ని చేర్పించే లెక్క ఇంకా ఘోరం. ఒక్కొక్కరు ఐదుగురిని చేర్చాలనుకుందాం. ఐదు, ఇరవై ఐదు, నూట ఇరవై ఐదు అని పోతే ఏడో మెట్టుకు 78 వేలు. పుత్తూరు టౌన్ చాలదు. పదకొండో మెట్టుకు 4 కోట్ల 88 లక్షలు, అంటే దాదాపు ఆంధ్రప్రదేశ్ జనమంతా. కింది మెట్టులో ఎవరు మిగులుతారో చెప్పక్కర్లేదు. ఏ మోసంలోనైనా కబురు ఆఖరికి చేరేది మన పల్లెకే కదా. చేరేసరికి పైవాళ్లు తీసుకోవాల్సింది తీసుకొని ఉంటారు. అక్కకు మూడు నెలలు వచ్చిన ఆ నూర్లు ఏ లాభంలోంచీ వచ్చినవి కావు. ఆమె తర్వాత చేరిన ఇంకో అక్క కట్టిన సొమ్ము అది.

క్రిప్టో అంటే మొత్తం మోసమేనా అని కుర్రవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. బిట్‌కాయిన్ అనేది 2009 నుంచి ఉంది. 2 కోట్ల 10 లక్షల నాణేలకు మించి రాకూడదని దాని కట్టడిలోనే రాసి ఉంది, లావాదేవీల చిట్టా ఎవరైనా చూడొచ్చు. అయినా దాని ధర 2021 నవంబరులో 69 వేల డాలర్ల దాకా ఎక్కి, మరుసటి ఏడాది నవంబరుకు 16 వేల కిందికి పడింది. ఇంతగా ఊగే సరుకు మీద రోజుకింత, నెలకింత అని ఖాయంగా ఇస్తానన్నవాడు అబద్ధమాడుతున్నాడని ఆ ఊపే చెబుతోంది. మన ఊరి పేరుతోనే చెబుతా. పుత్తూరు కట్టు అంటే ఎముకలు విరిగినవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఆ పేరు చూసి ఏ పట్నంలోనైనా 'పుత్తూరు కట్టు' అని బోర్డు తగిలించుకుంటారు. బోర్డు మీద పుత్తూరు ఉన్నంత మాత్రాన లోపల చెయ్యి పుత్తూరుది కాదు. బిట్‌కాయిన్ పేరు చెప్పుకొని పుట్టిన కాయిన్లు చాలామటుకు ఇట్లాంటి బోర్డులే.

నాణెం విషయంలో ఏం అడగాలో మనకు నేర్పినవాడు మన ఇంట్లోనే ఉన్నాడు. 1923లో లండన్‌లో అచ్చయిన 'ది ప్రాబ్లమ్ ఆఫ్ ది రూపీ' బాబాసాహెబ్ డాక్టరేటు కోసం రాసిన గ్రంథం. అందులో ఆయన పట్టుకున్నది ఒకటే: రూపాయి ముద్రించేది ఎవరు, ఎంత ముద్రిస్తారు, వాళ్ల చేతిని ఆపేది ఏది? ముద్రించేవాడి ఇష్టానికి వదలకూడదు, గట్టి హద్దు ఉండాలి అన్నాడు. బ్రిటిష్ సర్కారు రూపాయినే ఆ ప్రశ్నలతో నిలదీసిన మనిషి పటం కింద నిలబడి, ఎవరో ముక్కూ మొహం తెలియనివాడి కాయిన్‌ను ఒక్క ప్రశ్న లేకుండా చప్పట్లతో ఒప్పుకున్నాం. సిగ్గుగా ఉంది.

ఈ ప్రశ్న అడిగి ఉంటే ప్రపంచంలో చాలామంది బతికిపోయేవాళ్లు. 2014లో బల్గేరియా నుంచి వన్‌కాయిన్ అని వచ్చింది. దానికి అసలు బ్లాక్‌చెయిన్ చిట్టానే లేదు. తెర మీద పెరిగే ధర కంపెనీవాళ్లు వేసుకున్న అంకె. 400 కోట్ల డాలర్లు పోయాయని అమెరికా ప్రాసిక్యూటర్లు లెక్కగట్టారు. దాన్ని నడిపిన రూజా ఇగ్నాటోవా 2017 అక్టోబరులో విమానమెక్కి పోయింది, ఇంతవరకు దొరకలేదు. అదే ఏడాది నవీ ముంబైలో మీటింగు పెట్టి జనాన్ని చేర్పిస్తున్న కింది ఏజెంట్లను మాత్రం పోలీసులు పట్టుకున్నారు. మన దేశంలోనే గెయిన్‌బిట్‌కాయిన్ అని వచ్చింది. నెలకు 10 శాతం చొప్పున 18 నెలలు ఇస్తామన్నారు. ఇవ్వలేకపోయినప్పుడు తామే పుట్టించిన ఇంకో కాయిన్ చేతిలో పెట్టారు. హిమాచల్ ప్రదేశ్‌లో కొర్వియో కాయిన్ కేసులో వెయ్యి మందికి పైగా పోలీసులే చేరారని 2023లో బయటపడింది. తెలంగాణలోని నిర్మల్‌లో 2024లో యూబిట్ కాయిన్ కేసులో అరెస్టయినవాళ్లలో ప్రభుత్వ టీచరు ఉన్నాడు. టీచరు చెప్పాడు, పోలీసు పెట్టాడు అంటే ఎవరికి అనుమానం వస్తుంది?

మోసగాడు కాయిన్ అమ్మేముందు కొనుక్కునేది ఒక మనిషికి ఊళ్లో ఉన్న మంచి పేరును. మన తిరుపతిలో మూలాలున్న హీరా గ్రూపు కథ మీరు విన్నదే. వడ్డీ ముట్టని ముస్లిం కుటుంబాలకు ఇది హలాల్ వ్యాపారం అని చెప్పి, ఏడాదికి 36 శాతం దాకా లాభమంటూ 5 వేల కోట్లకు పైగా వసూలు చేశారని ఈడీ ఆరోపణ. వాళ్లు కాదంటున్నారు, కోర్టుల్లో నడుస్తోంది. చూడండి, ఆ అక్కచెల్లెళ్లు మతం తప్పి పోలేదు. మతం మీద నిష్ఠతోనే పెట్టారు. ఈ కథ చెప్పి వాళ్లను ఎవరైనా ఎగతాళి చేస్తే నేను ఒప్పుకోను. వాళ్లకు హలాల్ అన్న మాట ఎట్లనో, ఆరోజు మన హాలులో 'నీ కులమేందని అడిగేవాడే లేడు' అన్నమాట అట్ల.

అగ్రిగోల్డ్‌లో అయితే మతం కూడా అక్కర్లేకపోయింది. పక్కింటి ఏజెంటు చాలాడు. ఈడీ లెక్క ప్రకారం 19 లక్షల మందికి పైగా, 6,380 కోట్లు. ప్రభుత్వం 2019లో పది వేల లోపు, 2021లో ఇరవై వేల లోపు కట్టినవాళ్లకు ఇప్పించింది. సొంత చుట్టాలకు మొహం చూపించలేక ఏజెంట్లు కుమిలిపోయిన కథలు మనకు కొత్త కాదు.

ఇక్కడే అసలు ప్రశ్న. మన తమ్ముడు దొంగా? అతను కూడా రెండు లక్షలు పోగొట్టుకున్నాడు. మోసం చేయాలన్న ఆలోచన అతనికి లేదు. బుద్ధుడు కర్మలో మొదటి చోటు చేతనకే, మనసులోని సంకల్పానికే ఇచ్చాడు. సంకల్పం లేనిచోట తప్పు లేదని వాదించవచ్చు. కొందరు వాదించారు కూడా.

నేను ఆ వాదనతో చాలా రోజులు కూర్చున్నాను. ఒప్పుకోలేకపోయాను. అతనికి ఆరోజు రెండు సంకల్పాలు ఉన్నాయి. ఒకటి, మనవాళ్లు బాగుపడాలని. ఇంకొకటి, చేరిన ప్రతి మనిషి మీదా వచ్చే కమీషన్. మొదటిదాన్ని చెప్పాడు, రెండోదాన్ని మింగాడు. అక్క చేతి నుంచి నలభై వేలు తీసుకున్నప్పుడు అందులో నాలుగు వేలు తనకొస్తాయని ఆమెకు తెలియదు. మనం ప్రతి ఆదివారం తీసుకునే రెండో శీలం పేరు అదిన్నాదానం, అంటే ఇవ్వనిది తీసుకోవడం. దొంగతనం అని తెలుగు చేసుకొని మనం దాన్ని చిన్నది చేశాం. తెలియకుండా ఇచ్చింది ఇచ్చినట్టు కాదు.

మజ్ఝిమ నికాయంలో మహాచత్తారీసక సుత్తం ఉంది. అందులో తప్పుడు జీవిక ఏదో చెబుతూ బుద్ధుడు కపటం, తియ్యటి మాటలు చెప్పి వసూలు చేయడం, సూచనగా అడగడం, ఎదుటివాళ్లను కించపరచడం అని వరుసగా చెప్పి, ఆఖరున లాభంతో లాభాన్ని వెతకడం అన్నాడు. చదివినప్పుడు ఉలిక్కిపడ్డాను. వచ్చిన మూడు నెలల నూర్లను చూపించి తర్వాతి మనిషిని చేర్చడం అదే కదా.

మరి తెలియకపోవడం? మూడు అకుశల మూలాల్లో మోహం ఒకటి. అడిగి తెలుసుకోగలిగి అడగనివాడి తెలియనితనం ఆ మోహంలోకే వస్తుంది. కేసపుత్తలో కాలాములకు చెప్పినప్పుడు బుద్ధుడు వదిలేయమన్నవాటిలో వదంతి ఉంది, గ్రంథం ఉంది, చివరికి 'ఈయన మా గురువు' అన్న నమ్మకం కూడా ఉంది. మన గురువే అన్నా చాలదన్నవాడి ధమ్మంలో మనవాడే అన్న మాట ఎట్ల చాలుతుంది?

ఇట్ల చూస్తే తమ్ముడికంటే నా తప్పు పెద్దది. అతను పది నిమిషాలే అడిగాడు. హాలు ఇచ్చింది నేను. వందన వెంటనే, మనసులు మెత్తగా ఉన్న సమయంలో ఇచ్చింది నేను. ఒక్క కమీషను రూపాయి నాకు రాలేదు, నిజమే. కానీ అక్క నమ్మిన ఆ పటాన్ని అతనికి అప్పిచ్చింది నేనే.

ఒక మాట మాత్రం అనకండి. పోగొట్టుకున్నవాళ్లను 'అత్యాశ' అనకండి. ఉన్నవాడు షేర్లలో పోగొట్టుకుంటే రిస్కు, మన అక్క పోగొట్టుకుంటే అత్యాశా? ఆమె కోరుకున్నది కూతురి నర్సింగ్ ఫీజు. సిగాలోవాద సుత్తంలో బుద్ధుడు గృహస్థుకు సంపాదనను నాలుగు భాగాలు చేసుకోమన్నాడు. ఒకటి అనుభవానికి, రెండు పనికి, నాలుగోది ఆపదకు దాపుడు. మనలో చాలామందికి ఆ నాలుగో భాగమే ఉండదు. ఉన్న కొంచెం కూడా అప్పు తెచ్చిందే. మోసగాడు పట్టేది ఆ ఖాళీనే.

బుద్ధుడు తన ధమ్మాన్ని ఏహిపస్సికో అన్నాడు. వచ్చి చూడు అని. ఎవరు ఏ కాయిన్ చూపించినా మీరూ ఆ మాటే పట్టుకోండి. చూడనిస్తాడా? కంపెనీ ఎక్కడుంది, ఎవరిది, ఎఫ్‌ఐయూ దగ్గర నమోదైందా అంటే చెబుతాడా? 2023 మార్చి నుంచి మన దేశంలో క్రిప్టో వ్యాపారం చేసేవాళ్లు అక్కడ నమోదు కావాలి. 'గవర్నమెంటే 30 శాతం ట్యాక్స్ వేస్తోంది, అంటే ఒప్పుకున్నట్టే' అని ఒకటి చెబుతారు. పన్ను 2022 ఏప్రిల్ నుంచి ఉన్నది నిజం. అది మీ సొమ్ముకు హామీ కాదు. పన్ను కట్టేది ఆదాయపు పన్ను శాఖకు, మీ సొమ్ము తీసుకోవడానికి యాప్‌వాడికి ముందుగా కట్టే పన్ను అనేదే లేదు. కంపెనీ పేరు మీద కాకుండా ఎవరో మనిషి ఫోన్‌పే నంబరుకు, రోజుకో నంబరుకు వేయమన్నా, ఈ రాత్రికే ఆఖరు అన్నా, ఇంట్లో చెప్పొద్దన్నా, చూడనివ్వడం లేదనే అర్థం. మొదట వెనక్కి వచ్చిన వెయ్యి రూపాయలను సాక్ష్యం అనుకోకండి, అది ఎర.

ఇంకొకటి, చేర్పించడమే నేరం. 1978 నాటి మనీ సర్క్యులేషన్ నిషేధ చట్టం చేర్పించినవాడినీ పట్టుకుంటుంది. 'నేనూ మోసపోయినా సార్' అంటే స్టేషన్‌లో అంత సులభంగా వినరు.

సొమ్ము పోయిందని తెలిసిన గంటలోనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే బ్యాంకు ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ. మేము పరువు అనుకొని ఇరవై రోజులు ఆగినాము. ఆ ఇరవై రోజుల్లో దుడ్లు ఎన్ని ఖాతాలు దాటాయో.

పోయిన నెలలో తమ్ముణ్ణి కూర్చోబెట్టి మాట్లాడాను. కోపంగా లేచిపోయాడు. వారం తర్వాత తనే వచ్చాడు. తన కమీషను మొత్తం లెక్క కాగితం మీద రాసి తెచ్చాడు, ఎవరి మీద ఎంత అని. అందరివీ ఒకేసారి ఇచ్చే స్థోమత లేదు. ముందు అక్కవి నాలుగు వేలు తీసుకొని ఇద్దరం వాళ్ల ఇంటికి పోయినాము. నేను నా తరఫున ఇంకో రెండు వేలు కలిపాను. నెలనెలా కలుపుతానని చెప్పాను. ఆమె నోట్లు రెండుసార్లు లెక్కబెట్టుకొని చీరకొంగున ముడేసుకుంది. టీ ఇచ్చింది. ఆదివారం వస్తావా అక్కా అని అడగాలనుకున్నాను. అడగలేదు.