ఆయుధం, అభయం, రాజ్యధర్మం

పౌరుల వద్ద తుపాకులు ఉంటే నేరం తగ్గుతుందా, పెరుగుతుందా అన్న ప్రశ్న ఆధునిక సమాజాలను చాలాకాలంగా వేధిస్తున్నది. ఆయుధపాణియైన గృహస్థును చూసి దొంగ జంకుతాడని ఒక పక్షం వాదిస్తుంది. మాటామాటా పెరిగి చేయిచేసుకోవడంతో ముగియవలసిన తగాదా, తుపాకి అందుబాటులో ఉన్నచోట హత్యగా పరిణమిస్తుందని మరొక పక్షం హెచ్చరిస్తుంది. ఉభయుల మాటలోనూ కొంత సత్యం లేకపోలేదు. అయితే ఈ వివాదం లెక్కలతో తేలేదేనా? లెక్కల అడుగున ఉన్న ధర్మప్రశ్న ఏమిటి? భారతదేశ చరిత్ర వెలుగులో ఈ విషయాన్ని పరిశీలించడం సముచితం.

ముందుగా లెక్కల సంగతి. జెనీవాలోని స్మాల్ ఆర్మ్స్ సర్వే సంస్థ 2018లో ప్రకటించిన అంచనా ప్రకారం అమెరికా పౌరుల వద్ద సుమారు 39 కోట్ల తుపాకులున్నాయి. అంటే నూరుమందికి 120. భారతదేశంలో ఆ సంఖ్య దాదాపు 7 కోట్లు, నూరుమందికి అయిదు మాత్రమే. అమెరికాలో ఆయుధధారణ 1791 నాటి రాజ్యాంగ సవరణ ద్వారా సంక్రమించిన హక్కు. తుపాకులు పెరిగితే నేరాలు తగ్గుతాయని జాన్ లాట్ అనే ఆర్థికవేత్త 1998లో ఒక గ్రంథంలో ప్రతిపాదించగా పెద్ద దుమారం రేగింది. ఆ దేశపు జాతీయ పరిశోధనా మండలి 2004లో సాక్ష్యాలన్నింటినీ సమీక్షించి, తుపాకి వెంట తీసుకొని తిరిగే హక్కు వలన నేరం పెరిగిందనిగాని, తగ్గిందనిగాని నిర్ధారించడానికి ఆధారాలు చాలవని తేల్చింది. ఒక్క విషయం మాత్రం స్పష్టం. ఆ దేశంలో తుపాకి మరణాలలో సగానికి పైగా ఆత్మహత్యలే. శత్రువు కోసం దాచిన ఆయుధం తరచు ఇంటివారినే బలిగొంటున్నది.

భారతదేశంలో ఈ ప్రశ్న వేరొక రూపంలో పుట్టింది. 1857 తిరుగుబాటుతో బెదిరిన ఆంగ్ల ప్రభుత్వం ప్రజలను నిరాయుధులను చేయడానికి పూనుకొన్నది. లిట్టన్ ప్రభువు కాలంలో 1878లో వచ్చిన ఆయుధ చట్టం ఈ ప్రయత్నానికి పరాకాష్ఠ. దేశభాషా పత్రికల నోరు నొక్కిన శాసనం కూడా అదే సంవత్సరం వెలువడడం యాదృచ్ఛికం కాదు. ఆయుధ చట్టం యూరోపియన్లను మినహాయించి, భారతీయునికి మాత్రం లైసెన్సు తప్పనిసరి చేసింది. నేరాన్ని అరికట్టడం కంటె ప్రజలను అనుమానించడమే దాని పరమార్థమని నాటి నాయకులు గ్రహించారు. 1887లో మద్రాసులో సమావేశమైన మూడవ కాంగ్రెసు మహాసభ ఈ శాసనాన్ని సవరించాలని కోరింది. అహింసామూర్తి అయిన గాంధీజీ సైతం 1918లో దీనిని తీవ్రంగా గర్హించారు. 1930 జనవరిలో ఆయన ప్రకటించిన పదకొండు కోరికలలో ఆత్మరక్షణకు ఆయుధ లైసెన్సులు, అవీ ప్రజల అదుపులో, ఇవ్వాలన్నది ఒకటి. 1931 కరాచీ తీర్మానం నియమనిబంధనలకు లోబడి ఆయుధం ధరించడాన్ని పౌరహక్కుగా పేర్కొన్నది.

హింసను విసర్జించినవారు ఆయుధహక్కును కోరడం వైరుధ్యంగా కనిపించవచ్చు. లోతుగా చూస్తే అందులో వైరుధ్యం లేదు. ఆయుధం చేతనుండి దానిని విడిచిపెట్టడం అహింస. ఆయుధం లేక చేతులు ముడుచుకోవడం నిస్సహాయత. వారు కోరినది తుపాకిని కాదు, తుపాకి ఇవ్వదగిన మనిషిగా గుర్తింపును. ఆ గుర్తింపు దొరకని కాలంలోనే అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై దాడిచేసి తుపాకులు పట్టుకుపోవలసి వచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చిన పిదప దృశ్యం మారింది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ కరాచీ తీర్మానాన్ని గుర్తుచేస్తూ ఆయుధహక్కును ప్రాథమిక హక్కులలో చేర్చాలని సవరణ ప్రతిపాదించారు. డాక్టర్ అంబేద్కర్ అంగీకరించలేదు. సభ దానిని తోసిపుచ్చింది. నేటి రాజ్యాంగం 19వ అధికరణంలో పౌరులకు సమావేశమయ్యే హక్కును ప్రసాదిస్తూ, శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా అన్న షరతు విధించింది. నిన్నటి నిరాయుధీకరణ పరాయి ప్రభువు అపనమ్మకం నుండి పుట్టినది. ఈనాటిది ప్రజలు తమకు తాము విధించుకొన్న నియమం. అయితే ప్రతి నియమానికీ ఒక ప్రతిఫలం ఉంటుంది. పౌరుడు ఆయుధాన్ని వదులుకొన్నప్పుడు రాజ్యం అతనికి అభయం బాకీపడుతుంది. ఈ వ్యాసంలోని అసలు ప్రశ్న ఆ బాకీకి సంబంధించినదే.

1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం దరఖాస్తుపై పోలీసు నివేదిక తెప్పించుకొని అధికారి లైసెన్సు మంజూరు చేస్తాడు. ఎన్నికల వేళ లైసెన్సుదారులు తుపాకులను ఠాణాలో అప్పగించడం ఆనవాయితీ. 2019 సవరణ ఒక్కొక్కరి వద్ద ఉండదగిన తుపాకుల సంఖ్యను మూడు నుండి రెండుకు తగ్గించి, పెళ్ళిళ్ళలో సంబరంగా జరిపే ప్రమాదకరమైన కాల్పులను శిక్షార్హం చేసింది. అయినా దేశంలో తుపాకి హత్యలలో అత్యధిక భాగం లైసెన్సు లేని ఆయుధాలతో జరుగుతున్నవే. చట్టం పుస్తకానికెక్కిన తుపాకిని గట్టిగా పట్టుకొంటుంది, నాటు తుపాకి చీకటిలో చేతులు మారుతుంది. అంతేకాదు, అసలైన ఆపద ఉన్నవాని కంటె పలుకుబడి ఉన్నవానికే లైసెన్సు సులభంగా దొరకడం, అది రక్షణ సాధనం కాక హోదాచిహ్నంగా మారడం అందరూ ఎరిగినదే.

తెలుగునాట ఈ బాకీ ఎంత దారుణంగా ఎగవేయబడినదో రెండు ఊళ్ళు చెబుతాయి. 1985 జూలైలో కారంచేడులో ఆరుగురు దళితులు, 1991 ఆగస్టులో చుండూరులో ఎనిమిదిమంది దళితులు హత్యకు గురయ్యారు. గొడ్డళ్ళు, కత్తులు, బరిసెల వంటి పనిముట్లే అక్కడ మారణాయుధాలయ్యాయి. తుపాకుల లెక్క తక్కువగా ఉన్నంత మాత్రాన బలహీనుడు క్షేమంగా ఉన్నాడని భావించడం ఎంత పొరపాటో ఈ ఘటనలు నిరూపిస్తున్నాయి. ఆ అనుభవాల నుండి చట్టం కొంత నేర్చుకొన్నది. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో చేసిన నిబంధనలలో మూడవది, అత్యాచారాలకు అవకాశమున్న ప్రాంతాలలో ఇతర వర్గాలవారి ఆయుధ లైసెన్సులు రద్దుచేయడానికి, అక్రమ తుపాకులను స్వాధీనం చేసుకోవడానికి, అవసరమైతే దళితులకు, గిరిజనులకు లైసెన్సులు ఇవ్వడానికి రాష్ట్ర ప్రభుత్వానికి అధికారమిస్తున్నది. రాజ్యం తన అభయం అందరికీ సమానంగా చేరడం లేదని తనంతట తానే అంగీకరించిన అరుదైన వాక్యమది.

దీనికి భిన్నంగా కర్ణాటకలోని కొడగు ప్రాంతంలో కొడవులకు తుపాకి లైసెన్సు నుండి ఆంగ్లేయుల కాలంనాటి మినహాయింపు నేటికీ కొనసాగుతున్నది. వారు ఏటా కైల్‌పొళ్దు పండుగనాడు ఆయుధాలను పూజిస్తారు. జననమరణాలను తుపాకి పేల్చి ప్రకటిస్తారు. అక్కడ తుపాకి కుల కట్టుబాటులో, పెద్దల కనుసన్నలలో మసలుతుంది. అయితే ఒక సమాజపు సంప్రదాయాన్ని దేశమంతటికీ ప్రమాణం చేయడం వివేకం కాదు. ఆయుధాన్ని అందరికీ పంచడం సులభం, దానిని అదుపులో ఉంచే మర్యాదను పంచడం సులభం కాదు. బలవంతునికి, బలహీనునికి చెరొక తుపాకి ఇచ్చినంత మాత్రాన సమానత్వం రాదు. తూటాలు కొనగల శక్తి, తుపాకి పేలిన తరువాత కోర్టులో నిలువగల స్తోమత మళ్ళీ బలవంతునివే.

కనుక తుపాకులు ఎన్ని అన్న ప్రశ్నకు ముందు, ఆపదలో ఉన్నవాని కేక ఎంత దూరం వినబడుతున్నది అన్న ప్రశ్న వేసుకోవాలి. పౌరుని నిరాయుధునిగా ఉండమని కోరే నైతికార్హత రాజ్యానికి ఉన్నది. కాని అది శాశ్వతంగా సంక్రమించిన ఆస్తి కాదు. అర్ధరాత్రి ఊరి చివర వాడనుండి వచ్చిన ఫిర్యాదును, పట్టణంలోని మేడనుండి వచ్చిన ఫిర్యాదును ఠాణా ఒకే శ్రద్ధతో అందుకొన్నప్పుడు మాత్రమే ఆ అర్హత నిలుస్తుంది.