ఉపసంహారం లేని అస్త్రం

పనికి అడ్డు పెట్టేవాడూ, ఆ అడ్డు తీసేవాడూ ఒక్కడేనని వినాయకుడి గురించి మన పెద్దలు నమ్మారు. చోడవరంలో స్వయంభువుగా వెలసిన విఘ్నేశ్వరుడి ముందు కొబ్బరికాయ కొట్టేవాళ్లకు రెండో సగమే గుర్తుంటుంది. అడ్డు పెట్టగల చేతికే దాన్ని తీయాల్సిన పూచీ కూడా ఉందన్నది ఆ నమ్మకంలో దాగిన ధర్మసూక్ష్మం. దాన్ని గంటన్నర ప్రయాణంలో ఉన్న విశాఖ సముద్రానికి అన్వయించి చూడాలనిపిస్తుంది. యుద్ధంలో నీళ్లలో దించిన మైను, యుద్ధం ముగిశాక ఏ సరుకు ఓడనో, జాలరి పడవనో పేల్చేస్తే ఆ పాపం ఎవరిది? ఆ మైన్లను ఏరి తీయడం దయా, లేక అప్పు తీర్చడమా? అప్పు తీర్చడమేనని నా వాదన. వేయడం, తీయడం రెండు పనులు కావు. తీయడంతోనే వేసిన పని పూర్తవుతుంది.

మైను సంగతి కాస్త దగ్గరగా చూడాలి. పాతకాలపు మైను ఒక ఇనుప గుండు. సముద్రం అడుగున ఉంచిన బరువుకు కట్టిన తీగ దాన్ని నీటిమట్టానికి కొన్ని అడుగుల కింద తేలుతూ నిలబెడుతుంది. గుండు మీద సీసపు కొమ్ములుంటాయి. ఓడ ఒరుసుకుంటే కొమ్ము వంగుతుంది, లోపలి గాజు గొట్టం పగులుతుంది, అందులోని ద్రవం జారి బ్యాటరీలో కరెంటు పుట్టిస్తుంది. అంతే. తర్వాతి కాలం మైన్లు అడుగునే పడి ఉండి, పైన పోయే ఓడ ఇనుము వల్ల అయస్కాంత క్షేత్రంలో వచ్చే మార్పునో, ఇంజిన్ మోతనో పసిగట్టి పేలతాయి. వాటిలో కొన్నిటికి లెక్క కూడా వచ్చు. మొదట వచ్చిన కొన్ని ఓడలను పోనిచ్చి, ఆ తర్వాతి దాని కింద పేలేలా అమర్చవచ్చు. అందుకే నిన్న ఓడ క్షేమంగా పోయిన దారి ఇవాళ క్షేమమని చెప్పలేం. వీటిని తీసే ఓడలను చెక్కతోనో, ఫైబర్‌గ్లాసుతోనో, అయస్కాంత గుణం తక్కువున్న ఉక్కుతోనో కడతారు. అవి అదే నీటి మీద పదేపదే తిరగాలి. వాళ్ల పని సఫలమైందనడానికి గుర్తు ఏమీ జరగకపోవడమే. నిష్కామకర్మ గురించి ఉపన్యాసాలిచ్చేవారు ఈ నావికుల్ని ఎందుకో తలుచుకోరు.

మన ఇతిహాసం ఈ ప్రశ్నను ఎప్పుడో వేసుకుంది. యాదవులు ముసలాన్ని, అంటే ఇనుప రోకలిని, పొడి చేసి సముద్రంలో కలిపి ఊపిరి పీల్చుకున్నారు. ఆ పొడే ఒడ్డున తుంగై మొలిచి వాళ్లను చంపింది, మిగిలిన ముక్క బోయవాడి బాణపు మొనై కృష్ణుడి కాలికి తగిలింది. కంటికి కనబడనంత మాత్రాన ఆయుధం లేకుండా పోదు. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటే వేళ విశాఖ రేవు దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ కథ వింటే ముసలమే గుర్తొస్తుంది. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలే దాన్ని ముంచాయని మన నౌకాదళం అంటుంది. అది రేవు దారిలో వేస్తున్న మైన్లలోనే ఒకటి పేలి మునిగిందన్న కథనమూ ఉంది. అందులో ఉన్న తొంభై మందికి పైగా నావికులూ పోయారు. ఏ కథనం నిజమైనా నా వాదనకు నష్టం లేదు. వేసినవాడిని గుర్తుపట్టే తెలివి మైనుకు ఉండదన్నదే ఇక్కడి విషయం.

మరింత సూటైన సాక్ష్యం తిక్కన తెనిగించిన సౌప్తికపర్వంలో ఉంది. అశ్వత్థామ, అర్జునుడు ఇద్దరూ బ్రహ్మశిరోనామకాస్త్రం వదిలారు. వ్యాస నారదులు మధ్యలో నిలిచి వెనక్కి తీసుకోమన్నప్పుడు అర్జునుడు తీసుకోగలిగాడు, అశ్వత్థామ తీసుకోలేకపోయాడు. అతని అస్త్రం ఉత్తర గర్భంలోని శిశువు మీదికి మళ్లింది. అశ్వత్థామ నేరం పగ పట్టడం ఒక్కటే అయితే కురుక్షేత్రంలో అతనికి తోడు చాలామంది ఉన్నారు. వెనక్కి పిలవలేని దాన్ని పంపడం, దానికి ఇంకా పుట్టని బిడ్డ గురికావడం అతన్ని వేరుచేసింది. యుద్ధం నాటికి పుట్టని పిల్లల్ని కూడా మైను చంపగలదు.

అనకాపల్లి పక్కన బొజ్జన్నకొండ మీద విహారాలు తొలుచుకున్న బౌద్ధుల వైపు నుంచి ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. కర్మ అంటే సంకల్పమే. సంధి కుదిరిన రోజున చంపాలన్న సంకల్పం పోయింది కనుక, తర్వాత జరిగేది ప్రమాదమే తప్ప హత్య కాదు. బాణం విషయంలో ఈ మాట ఒప్పుకోవచ్చు. బాణానికి గురి ఉంది, గురి చూసే కన్ను ఉంది. మైను వేసేవాడు ఫలానా వాడిని చంపాలనుకోడు, ఎప్పుడైనా ఈ దారిన వచ్చేవాడిని చంపాలనుకుంటాడు. ఆ ‘ఎప్పుడైనా’ అతని సంకల్పంలోదే. సంధి పత్రం మీద సంతకం అతని మనసును మారుస్తుంది, తీగకు కట్టిన గుండును మార్చదు. కర్మ ముగిసినా ఫలమిచ్చేదాకా దాని శక్తి అపూర్వంగా నిలిచి ఉంటుందన్న మీమాంసకుల మాట ఇక్కడ ఎక్కువ సరిపోతుంది. 1907 నాటి హేగ్ ఒప్పందం కూడా ఈ తీరునే నడిచింది. యుద్ధం ముగిశాక ఎవరు వేసిన మైన్లు వాళ్లే తీయాలి, శత్రువు తీరంలో వేసి ఉంటే ఎక్కడ వేశారో వాళ్లకు తెలపాలి అంది.

మరి వేసినవాడు తీయకపోతే? బంగాళాఖాతానికి ఆవలి ఒడ్డున జరిగిందిదే. 1971 యుద్ధం తర్వాత చిట్టగాంగ్ రేవు మైన్లతో, మునిగిన ఓడలతో మూసుకుపోయింది. కొత్త దేశానికి తిండిగింజలు దిగాల్సిన రేవు అది. రియర్ అడ్మిరల్ సెర్గీ జుయెంకో నాయకత్వంలో సోవియట్ నౌకాదళం 1972 ఏప్రిల్ నుంచి 1974 జూన్ దాకా అక్కడే మకాం వేసి రేవును శుభ్రం చేసింది. ఆ పనిలో 1973లో చనిపోయిన యూరీ రెడ్కిన్ అనే యువ నావికుడి సమాధి అక్కడి పతెంగాలో ఉంది. ఆ మైన్లు సోవియట్లు వేసినవి కావు. సోవియట్లు అక్కడ స్థావరం కోసం చూస్తున్నారన్న అనుమానాలు అప్పుడే వినిపించాయి. పరాయి తీరంలో మైన్లు తీసే ఓడలను నిలిపే ఏ దేశం మీదైనా, బహ్రెయిన్‌లో ఏళ్ల తరబడి వాటిని ఉంచిన బ్రిటన్, అమెరికాల మీదైనా, ఈ అనుమానం న్యాయమే. ఉద్దేశం కల్మషమైతే పుణ్యం తగ్గుతుందేమో గానీ, రేవు దారి తెరుచుకోవడం ఆగదు. పైగా వేరొకడు అప్పు తీర్చాడని అసలు బాకీదారు మంచివాడైపోడు. ఉత్తర గర్భంలోని ఆ శిశువును, పరీక్షిత్తును, కృష్ణుడు బతికించాడు. అశ్వత్థామకు మాత్రం శాపం తప్పలేదు.

తీయడం మంచిదే అయితే అడగకుండా తీయవచ్చా అన్న చిక్కు ఒకటుంది. 1946 అక్టోబరులో కోర్ఫూ జలసంధిలో రెండు బ్రిటిష్ యుద్ధనౌకలు మైన్లకు తగిలి నలభై మందికి పైగా చనిపోయారు. నవంబరులో బ్రిటన్ తనంత తానే అల్బేనియా జలాల్లోకి వెళ్లి మైన్లు ఏరింది. 1949లో అంతర్జాతీయ న్యాయస్థానం ఇద్దరినీ తప్పుపట్టింది. మైన్లు ఎవరు వేశారన్నది తేలలేదు. అయినా అవి ఉన్నాయని తెలిసి హెచ్చరించనందుకు అల్బేనియా బాధ్యురాలంది. అనుమతి లేకుండా ఏరినందుకు బ్రిటన్ దాని సార్వభౌమత్వాన్ని ఉల్లంఘించిందంది. నా మటుకు నాకు ఇది అద్భుతమైన తీర్పు. తెలియడమే పూచీ తెస్తుందని మొదటి సగం చెబుతుంది. తీయడం పెత్తనానికి సాకు కారాదని రెండో సగం చెబుతుంది. వియత్నాంలో హైఫాంగ్ రేవును 1972 మేలో మైన్లతో మూసిన అమెరికా, పారిస్ ఒప్పందం ప్రకారం 1973లో తానే తీయడానికి వచ్చింది. అంతవరకు ధర్మమే. మధ్యలో ఒప్పందం ఉల్లంఘించారంటూ పని ఆపి కూర్చుని, తీయడాన్నే ఆయుధం చేసుకుంది. నెలల తరబడి ఈడ్చిన ఆ పనిలో పేలింది ఒక్క మైను. చాలా మైన్లు గడువు తీరాక వాటంతటవే నిర్వీర్యమయ్యేలా అమర్చినవి. అలాంటి గడియారం పెడితే చాలు కదా అనేవారికి నా జవాబు ఇదే: పెట్టండి, తప్పకుండా పెట్టండి, కానీ ఆ గడియారాన్ని నమ్మి ఏ కెప్టెనూ ఓడ నడపడు. అక్కడ అమెరికా కూడా వెళ్లి వెతికింది.

ఇక మన సంగతి. సోవియట్ నుంచి కొన్న పుదుచ్చేరి తరగతి మైన్‌స్వీపర్లు పన్నెండు ఉండేవి, వాటిలో ఒకటి మన కాకినాడ పేరు మోసింది. అది 2017లో ముంబయిలో విరమించింది. ఆఖరుది, ఐఎన్‌ఎస్ కోజికోడ్, 2019 ఏప్రిల్‌లో విశాఖలోనే జెండా దించుకుంది. ఆ పాటికే దక్షిణ కొరియా కంపెనీతో కొత్త ఓడల బేరం రద్దయింది. అంటే సముద్రంలో మైను వేయడం వచ్చిన దేశానికి, తీసే ప్రత్యేక ఓడ ఒక్కటీ లేకుండా పోయింది. 2025 జులై 3న రక్షణ కొనుగోళ్ల మండలి ఒకే సమావేశంలో లంగరు మైన్లకూ, వాటిని తీసే ఓడలకూ ఆమోదం చెప్పింది. రెండూ ఒకే రోజు అడగడం ధర్మంగానే ఉంది. కానీ మైను తయారీ త్వరగా అవుతుంది, ఓడ కట్టడానికి ఏళ్లు పడుతుంది. యుద్ధమంటూ వస్తే ఓడలు లేవని మైన్లు వేయడం ఎవరూ ఆపరు. అందుచేత డబ్బు చాలక రెండిట్లో ఒకదాన్ని వాయిదా వేయాల్సి వస్తే, వాయిదా వేయాల్సింది మైన్లనే.