అదృశ్య యువతి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగితే

నలుగురు మనుషులు రాకెట్టెక్కి ఆకాశంలోకి వెళతారు. అక్కడ కాస్మిక్ కిరణాలు నలుగురికీ సమానంగానే తగులుతాయి. దిగొచ్చేసరికి రీడ్ రిచర్డ్స్ అనే శాస్త్రవేత్త ఒళ్ళు రబ్బరులా ఎంత దూరమైనా సాగుతుంది. జానీ స్టార్మ్ అనే కుర్రాడు భగ్గున మండి గాల్లో ఎగురుతాడు. బెన్ గ్రిమ్ అనే పైలట్ కొండరాయిలాంటి ఆకారంతో గోడలు బద్దలు కొడతాడు. నాలుగో మనిషి స్యూ స్టార్మ్. ఆమె కనపడకుండా పోతుంది. ఎవరికి ఏది తగునో కిరణాలకి కూడా తెలుసన్నమాట!

‘ఫెంటాస్టిక్ ఫోర్’ అనే ఈ కామిక్ మొదటి సంచిక 1961 నవంబర్ తేదీతో అమెరికాలో వచ్చింది. స్టాన్ లీ కథ, జాక్ కిర్బీ బొమ్మలు. తర్వాత కట్టుకున్న మార్వెల్ సామ్రాజ్యానికి పునాదిరాయి అదే. అదే ఏడాది మన దగ్గర ‘జగదేకవీరుని కథ’ విడుదలైంది. అందులోనూ నలుగురున్నారు. ఇంద్రకుమారి, నాగకుమారి, వరుణకుమారి, అగ్నికుమారి. నలుగురివీ గొప్ప పుట్టిళ్ళే. కాకపోతే మన సినిమాలో ఆ నలుగురూ జట్టుగా లోకాన్ని ఉద్ధరించలేదు, ఒకే రామారావుకి భార్యలయ్యారు. కాబట్టి అమెరికా వాళ్ళని చూసి మరీ నవ్వే అర్హత మనకి లేదు. అయినా నవ్వుదాం.

ఆ తొలి సంచికల నలుపు తెలుపు పునర్ముద్రణ కొన్ని వారాలుగా నా సంచీలో ఉంది. ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కి, ఆడవాళ్ళకి కేటాయించిన భాగంలో నిలబడి చదువుతున్నాను. ముందు పేర్ల సంగతి చూడండి. రీడ్ తనకి తానే ‘మిస్టర్ ఫెంటాస్టిక్’ అని పేరు పెట్టుకుంటాడు. ఎంత వినయమో! పెళ్ళి కుదిరిన స్యూ మాత్రం ‘ఇన్విజిబుల్ గర్ల్’, అంటే అదృశ్య బాలిక. హైస్కూల్లో చదువుతున్న ఆమె తమ్ముడు జానీ ‘బాయ్’ కాడు, ‘హ్యూమన్ టార్చ్’ అవుతాడు. స్యూ పెళ్ళి చేసుకుని, 1968లో కొడుకుని కని, ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు బాలికగానే ఉండిపోయింది. ఆమె ‘ఉమన్’ అయింది 1985లో. అప్పటికి కథ మొదలై ఇరవైనాలుగేళ్ళు.

మూడో సంచికలో జట్టుకి యూనిఫారాలు వస్తాయి. ఎవరు తయారు చేశారో చెప్పాలా? అయిదో సంచికలో డాక్టర్ డూమ్ అనే దుర్మార్గుడు స్యూని బందీగా పెట్టుకుని మగవాళ్ళు ముగ్గురినీ తన పని మీద పంపిస్తాడు. చివరికి డూమ్ కోటలో ఊపిరాడక చావబోతున్న ఆ ముగ్గురినీ విడిపించేది స్యూనే. ఈ రెండో ముక్క పాఠకులకి గుర్తున్నట్టు లేదు. ఎందుకంటే 1963 ఫిబ్రవరి తేదీతో వచ్చిన పదకొండో సంచికలో స్యూ కన్నీళ్ళు పెట్టుకుంటుంది. ఆమె వల్ల జట్టుకి ఉపయోగం లేదని పాఠకులు ఉత్తరాలు రాశారు మరి. రీడ్ ఆమె పక్షాన లేచి ఒక ఉపన్యాసం ఇస్తాడు. స్యూ చేసిన పనుల జాబితా చదవడం సులువైన దారి. ఆయన దాన్ని వదిలేసి అబ్రహాం లింకన్ తల్లి దగ్గరికి వెళతాడు. ఆ తల్లి యుద్ధాలు చెయ్యకపోయినా లింకన్ తన గొప్పతనమంతా ఆమె చలవే అన్నాడు కదా, స్యూ కూడా అలాంటిదే అని వాదన. మన ‘కార్యేషు దాసీ’ శ్లోకానికి అమెరికా అనువాదం ఇది. అండగా మాట్లాడాలనుకున్న మగవాడు కూడా ఆమె చేసిన పనిని చూడలేకపోయాడు. అదృశ్యమైంది స్యూ ఒక్కతే కాదు, ఆమె పని కూడా.

ఇంకో చిన్న సంగతి చెప్పి ముందుకెళతాను. ఆ మొదటి రాకెట్ ప్రయాణానికి కారణం కమ్యూనిస్టులు అంతరిక్షంలో ముందుకెళ్ళిపోతారన్న భయం. స్యూ రాకెట్ ఎక్కడానికి కారణం ఆమె రీడ్‌కి కాబోయే భార్య కావడం. లింకన్ తల్లి ఉపన్యాసం వచ్చిన కొన్ని నెలలకే, 1963 జూన్ 16న, ఆ కమ్యూనిస్టులు వాలెంతీనా తెరిష్కోవాని ఒంటరిగా వోస్తోక్-6లో పైకి పంపించారు. ఎవరి కాబోయే భార్యగానూ కాదు.

ఇదంతా అరవై ఏళ్ళ కిందటి పిల్లల పుస్తకం, దాని మీద ఇంత కోపమెందుకని ఒక స్నేహితురాలు అడిగింది. కోపం కాదు. నవ్వుకుని పక్కన పెట్టెయ్యలేని పేజీ ఒకటి మొదటి సంచికలోనే ఉంది. స్యూ ఒక సంపన్నురాలి ఇంట్లో టీ తాగుతూ ఉంటుంది. ఆకాశంలో జట్టు పిలుపు కనపడగానే మాయమై వీధిలోకి వస్తుంది. అంతే, జనం ఆమెని గుద్దుకుంటారు. ఆమె కూడా వాళ్ళని తోసుకుంటూ పోతుంది. ఖాళీ అనుకుంటున్న టాక్సీలో ఎక్కి కూర్చుంటుంది. గాల్లో తేలుతున్న నోటు చూసి డ్రైవర్ హడలిపోతాడు. గమనించండి, కనపడకుండా ఉండే మహిమ దొరికిన ఆడమనిషి మొదట చేసిన పని ఒంటరిగా రోడ్డు మీద నడవడం. టాక్సీకి డబ్బులు కూడా ఇచ్చింది!

మగవాడికి ఆ మహిమ దొరికితే ఏమవుతుందో ప్లేటో ‘రిపబ్లిక్’ రెండో భాగంలో ఉంది. లిడియా దేశపు పశువుల కాపరికి ఒక ఉంగరం దొరుకుతుంది. దాని పిడిని అరచేతి వైపు తిప్పితే మనిషి కనపడడు. అతను రాణిని వశపరచుకుని, రాజుని చంపి, రాజ్యం తీసుకుంటాడు. ఎవరూ చూడకపోతే ఎవరైనా చేసేది ఇదే, మనుషులు నీతిగా ఉండేది చూసేవాళ్ళున్నారనే అని గ్లౌకన్ వాదిస్తాడు. కాదని నిరూపించడానికి సోక్రటీసుకి మిగతా పుస్తకమంతా పట్టింది. ఇది మాకు తరగతుల్లో నీతిశాస్త్రపు మొదటి ప్రశ్నగా చెప్పారు. రాణి ఏమనుకుందని మాత్రం ఎవరూ అడగలేదు. ప్లేటో కన్నా ముందువాడైన హెరొడోటస్ చెప్పిన గైజీస్ కథలో ఉంగరం లేదు. అక్కడ రాజే తన భార్య అందం చూపించాలని గైజీస్‌ని పడకగదిలో తలుపు వెనక దాస్తాడు. అతను జారుకుంటుంటే రాణి చూస్తుంది. ఆ రాత్రి ఏమీ అనదు. మర్నాడు పిలిచి, రాజుని చంపుతావా, నువ్వు చస్తావా అని అడుగుతుంది. చాటుగా చూసినవాణ్ణి చూసిన మనిషి ఆమె. ప్లేటో చేతిలో కథకి ఉంగరమొచ్చింది, రాణికి చూపు పోయింది.

ఈ ఉంగరాన్ని దిల్‌సుఖ్‌నగర్ తెచ్చాను. అక్కడ కోచింగుల కోసం హాస్టళ్ళలో ఉండే అమ్మాయిలు కొందరికి ఆదివారాలు పాఠం చెబుతాను. ఒక రాత్రికి కనపడకుండా ఉండే మహిమ వస్తే ఏం చేస్తారని అడిగాను. ఒకమ్మాయి రాత్రి పదకొండింటికి సాయిబాబా గుడి దగ్గర ఊరికే కూర్చుంటానంది. ఒకమ్మాయి బండి దగ్గర నిలబడి తీరిగ్గా పానీపూరీ తింటానంది. ఇంకొకమ్మాయి మెట్రో స్టేషన్ బెంచీ మీద కాళ్ళు చాపుకుని నిద్రపోతానంది. రాజ్యం ఎవరికీ అక్కర్లేదు. ప్రశ్నపత్రాలు ఎత్తుకొస్తానన్న వాళ్ళు కూడా లేరు, డీఎస్సీకి చదువుతున్న పిల్లలే అయినా! సూర్యాపేట వైపు నుంచి వచ్చిన అమ్మాయి మాత్రం, “నాకొద్దు మేడమ్, కనపడకపోతే ఆటోవాడు గుద్దేస్తడు” అంది. అందరూ నవ్వారు. టాక్సీ కోసం జనాన్ని తోసుకుంటూ వెళ్ళిన స్యూ సంగతి ఆ అమ్మాయికి ఒక్క మాటలో అర్థమైంది.

వీళ్ళు కోరుకున్న వాటిలో అన్యాయం ఏముంది? ఒక్కటీ లేదు. అన్నీ మగపిల్లలు ఏ ఉంగరమూ లేకుండా రోజూ చేసేవే. మాయమైతే తప్ప మామూలు పని చెయ్యలేని మనుషులు ఉంటారని గ్లౌకన్‌కి తోచలేదు. 2011లో శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే ముంబయి గురించి రాసిన ‘వై లాయిటర్?’లో, బయట కనపడాలంటే ఆడవాళ్ళు ఏదో పని మీద ఉన్నట్టు కనపడాలని అంటారు. దిల్‌సుఖ్‌నగర్‌లో అమ్మాయి చేతిలో ఉన్న స్పైరల్ బైండింగ్ నోట్సు పుస్తకం సగం చదువుకి, సగం ఆ పనికి.

ఇక ఉంగరం ఇప్పటికే ఉన్నవాళ్ళ మాట. సాయంత్రం ఆరింటికి దిల్‌సుఖ్‌నగర్‌లో కిక్కిరిసిన సిటీ బస్సు ఎక్కండి. ఎక్కడి నుంచో ఒక చెయ్యి వస్తుంది. తిరిగి చూస్తే అన్ని మొహాలూ కిటికీలోంచి బయటికి చూస్తుంటాయి. ఆ చేతికి మనిషి లేడు. జనమే అతని ఉంగరం. తాకబడిన మనిషి మాత్రం అరిచిన మరుక్షణం బస్సంతటికీ కనపడుతుంది. ఆమె బట్టలు, ఆమె వయసు, ఆమె గొంతు ఎంత పెద్దదో, అన్నీ. చూసేవాళ్ళుంటే నీతి ఉంటుందన్న సిద్ధాంతం ఇక్కడే నాకు తలకిందులుగా కనపడుతుంది. చూపులకి కొదవ లేదు. కాకపోతే అవి చూడాల్సిన మనిషి మీద లేవు.

2014 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో షీ టీమ్స్ మొదలైనప్పుడు నాకు ఇది గుర్తొచ్చింది. మామూలు బట్టల్లో ఆడా మగా పోలీసులు బస్టాపులో నిలబడి, రహస్యంగా వీడియో తీసి, ఆ చేతికి మొహాన్ని అతికిస్తారు. ఉంగరం ఊడబెరికే పని అది, తేలిగ్గా తీసెయ్యను. మన ఊళ్ళో నిజమైన అదృశ్య యువతి ఎవరంటే సాదా చుడీదార్‌లో నిలబడ్డ ఆ కానిస్టేబులే. కానీ అదే కాలంలో కెమెరాలు హాస్టళ్ళ గేట్లకీ వచ్చాయి. అవి గేటు ముందు తిరిగే పోకిరీ వైపు కాకుండా ఎనిమిదీ ఇరవైకి లోపలికొచ్చిన అమ్మాయి వైపు తిరిగి ఉంటాయి. రెండిటికీ పెట్టిన పేరు భద్రతే.

అందుకే ఇక్కడి అమ్మాయిలు సొంత ఏర్పాట్లు చేసుకుంటారు. మొదటి సంచికలో బెన్ గ్రిమ్ తన రాతి ఒళ్ళు దాచుకోడానికి పెద్ద కోటు, టోపీ, నల్లకళ్ళద్దాలతో తిరుగుతాడు. చైతన్యపురి సిగ్నల్ దగ్గర స్కూటీల మీద ఎంతమంది బెన్ గ్రిమ్‌లో! తల చుట్టూ, మొహం చుట్టూ చున్నీ, నల్లకళ్ళద్దాలు, మోచేతుల దాకా గ్లవుజులు. ఎండకీ దుమ్ముకీ అంటారు. నిజమే. ఎండ తగ్గాక కూడా తియ్యరు, అదీ నిజమే.

కనపడటం మీద ఈ లెక్కలన్నీ చదువుకున్న పిల్లలవి. తెల్లవారుజామున ఎల్.బి.నగర్ చౌరస్తాలో రోడ్లూడ్చే ఆడవాళ్ళని చూస్తే ఈ వాదన ఇంకో మలుపు తిరుగుతుంది. లారీలకి కనపడాలని వాళ్ళకి మెరిసే జాకెట్లు ఇచ్చారు. నగరంలో అంతకన్నా కొట్టొచ్చినట్టు కనపడే బట్ట లేదు. అయినా వాళ్ళ మొహం ఎవరికీ గుర్తుండదు. గుద్దేస్తారన్న ఆటో వాళ్ళకి ఊహ కాదు. కులం, కూలి కలిసి తయారుచేసిన ఈ అదృశ్యానికి కాస్మిక్ కిరణాలు అక్కర్లేదు. మేం చూపు ఎక్కువైందని బాధపడుతుంటే, వాళ్ళ పక్క చూపే లేదు. రెండిటినీ ఒకే బాధగా కలిపి మాట్లాడితే తప్పని నాకు అనిపిస్తుంది.

ఇక 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి ఆర్టీసీ సిటీ, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. జీరో టికెట్ చేతిలో పట్టుకుని ఆడవాళ్ళు బస్సు నిండా కూర్చునేసరికి, “వీళ్ళంతా ఎక్కడికి పోతున్నారు?” అని జోకులు మొదలయ్యాయి. అంతకుముందు వీళ్ళంతా ఎక్కడున్నారని ఎవరూ అడగలేదు. ఇంట్లో ఉన్నారు, లేదా నడిచి వెళ్ళారు. బస్సెక్కాక కనపడ్డారు. కనపడ్డవాళ్ళు వెంటనే ఎక్కువైపోయారు.

స్యూ దగ్గరికి వస్తాను. 1964 జనవరి సంచికలో, అంటే ఇరవైరెండోదానిలో, లీ, కిర్బీలు ఆమెకి రెండో శక్తి ఇచ్చారు. పాఠకుల గోలకి జవాబుగానే అయ్యుంటుందని నా ఊహ. తన చుట్టూ, లేదా ఎవరి చుట్టూ అయినా, కంటికి కనపడని కంచె వెయ్యగలదు. దాన్ని దాటి ఎవరూ రాలేరు. ఇది మాయమవడం కాదు. మనిషి ఉంటుంది, కనపడుతుంది, కానీ ఆమెకీ లోకానికీ మధ్య కాస్త జాగా ఉంటుంది. ఒక అబద్ధపు మహిమని రెండేళ్ళకి పైగా మోశాక కామిక్ తెలియకుండానే సరైన కోరిక దగ్గరికి వచ్చిందని నాకనిపించింది. ఆ కంచెతో స్యూ రీడ్‌ని కాపాడుతుంది, బెన్‌ని కాపాడుతుంది, తమ్ముణ్ణి కాపాడుతుంది. నేను చదివినంతలో దాన్ని వేసుకుని ఎక్కడా ఊరికే కూర్చోలేదు.

పోయిన ఆదివారం ఆటో గుద్దేస్తుందన్న అమ్మాయికి ఈ సంగతి చెప్పాను. పండక్కి ఊరెళ్ళాలంటే రాత్రి ఎల్.బి.నగర్‌లో, ఫ్లైఓవర్ పక్కన, బ్యాగు మీద కూర్చుని బస్సు కోసం చూసే పిల్ల.

“ఎంత వెడల్పు వస్తది మేడమ్ అది?” అని అడిగింది.

కథని బట్టి మారుతుందని చెప్పాను.