నాలుగు గోడల మధ్య మాట

ఇంట్లో అన్న మాటకు బయట శిక్షేమిటి? 2020లో హితేష్ వర్మ కేసులో మన సుప్రీంకోర్టు, నలుగురి కంటపడకుండా నాలుగు గోడల మధ్య చేసిన కులదూషణ అట్రాసిటీ చట్టం కింద నేరం కాదంది. జైలుకు పంపే చట్టానికి ఆ హద్దు ఉండొచ్చు. కానీ భిక్ఖు సంఘానికి వినయం ఉన్నట్టే లీగుకూ సొంత నియమావళి ఉంటుంది, ఒప్పుకునే చేరతారు.

2014లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏ, క్లిప్పర్స్ జట్టు యజమాని డొనాల్డ్ స్టెర్లింగ్‌ను జీవితాంతం నిషేధించి, జట్టును అతని చేతినుంచి తప్పించే పని మొదలుపెట్టింది. నల్లవారిని ఆటలకు వెంట తీసుకురావద్దని స్నేహితురాలితో అన్న మాటలు రికార్డై బయటపడ్డాయి. ఆడేది నల్లవారే, పక్కన కూర్చోకూడదట. మనం ఎరగనిదా?

నా అభ్యంతరం వేరు. అద్దె ఇళ్లలో నల్లవారిపై వివక్ష చూపాడన్న దావాను అతను 2009లోనే 27 లక్షల డాలర్లకు పైగా ఇచ్చి రాజీ చేసుకున్నాడు. అప్పుడు అతన్ని ఎవరూ తప్పించలేదు. ఇక్కడ పుదుచ్చేరిలో కులం అడిగి ఇల్లు లేదనేవారు తిట్టరు కూడా. “నిన్ననే ఇచ్చేశామండీ” అంటారు.