పగటివేళ కనిపించే బొమ్మలు

క్రైస్తవ విశ్వాసంలో వెలుగు దేవుని స్వభావం. చీకటి ఆయనకు సాటివచ్చే మరో శక్తి కాదు. వెలుగు ఎదుటికి వచ్చినా మనిషి ముఖం చాటేసే స్థితి. ఆదికాండంలో మొదటి రోజున పుట్టింది వెలుగే. సూర్యచంద్రులు నాలుగో రోజుకు గానీ రారు.

యోహాను సువార్త ఈ సంగతిని మనుషుల నడకలో చూపిస్తుంది. పరిసయ్యుడైన నీకొదేము యేసు దగ్గరికి రాత్రిపూట వస్తాడు, బహుశా నలుగురి కంటా పడకూడదని. యేసును అప్పగించిన యూదా చివరి విందులో నుంచి లేచిపోయిందీ రాత్రే. అయితే యేసును సిలువ వేసిన రోజున శిష్యులు చెదిరిపోతే, బోళం, అగరు మోసుకుని సమాధికి వచ్చినవాడు ఆ నీకొదేమే. రాత్రి మొదలైన నడక అతణ్ణి అక్కడిదాకా తెచ్చింది.

ఈ వెలుగు సంగతిని కళ్లకు కట్టే చోటు ఒకటుంది. హైదరాబాద్ దాటి ఉత్తరానికి వెళితే మెదక్ చర్చి వస్తుంది. చార్లెస్ వాకర్ పాస్నెట్ చొరవతో కట్టిన ఈ చర్చి 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం ఇక్కడి మూడు పెద్ద రంగుటద్దాల కిటికీల్లో ఉన్నాయి. వాటిని రూపొందించింది లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. పగలు బయటి నుంచి చూస్తే అవి మసకబారిన గాజు పలకలే. లోపల నిలబడితే ఎండ తగిలి రంగులు మండుతాయి. పొద్దు గుంకాక లోపల ఎన్ని దీపాలు పెట్టినా అక్కడ నిలబడినవారికి ఆ బొమ్మలు కనబడవు. చూడదలచినవారు పొద్దుండగానే వెళ్లాలి.