నాతాను చెప్పిన కథ

మా తండ్రిగారు ఉపదేశిగా పనిచేసినవారు. కల్లు, జూదము, సినిమా అను మూడింటిని వారు ఒక్క శ్వాసలో ఉచ్చరించుచుండిరి. వారి నిషేధమునకు ఒక్కటే మినహాయింపు. 1978లో వెలువడిన "కరుణామయుడు" చిత్రమును నా బాల్యమున మా యూరి దేవాలయపు ఆవరణములో, రెండు వెదురుగడలకు కట్టిన తెల్లని దుప్పటిమీద ప్రదర్శించినపుడు, వారే ముందు నిలిచి ఊరివారినందఱిని పిలిచి కూర్చుండబెట్టిరి. తెరమీద క్రీస్తు కనబడెనేని అది మేలు. కనబడకున్నచో అది కీడు. ఇంతకంటె సులభమైన సూత్రము మఱియొకటి యుండబోదు.

నేడు నాకు నలువదియైదేండ్లు. నా యింట తెర గోడమీదను గలదు, నా కుమారుని చేతిలోను గలదు. తలుపు మూసి సినిమాను వెలుపల నిలుపగల కాలము గతించినది. కావున ఇప్పటి ప్రశ్న "చూడవచ్చునా, కూడదా" అనునది కాదు. వేనవేలుగా వచ్చిపడుచున్న చిత్రములలో చూడదగినదానిని గుర్తించుట యెట్లు అనునదే ప్రశ్న. నేను క్రైస్తవుడను గాన క్రైస్తవదృష్టితోనే దీనిని విచారించుచున్నాను. అయినను బిడ్డలను పెంచుచున్న గృహస్థుడు ఏ మతస్థుడైనను ఈ చిక్కు అతనికి తప్పునది కాదు గనుక, ఈ పత్రిక చదువరులందఱి యెదుటను దీనిని ఉంచ సాహసించితిని.

ఈ శంక క్రొత్తది కాదు. క్రీస్తుశకము 200 ప్రాంతమున కార్తేజి నగరమునందు టెర్టూలియను అను పండితుడు నాటకములను, క్రీడాప్రదర్శనములను ఖండించుచు ఒక గ్రంథమునే వ్రాసెను. రెండు శతాబ్దముల పిమ్మట ఆగస్టీను మహాశయుడు తన ఆత్మకథయందు అంతకంటె లోతైన యాక్షేపణ చేసెను. యౌవనమున తాను నాటకశాలలో కల్పితదుఃఖములను చూచి కన్నీరు విడుచుచుంటిననియు, ఆ కన్నీరు ఎవ్వనికైన సాయపడుమని తన్ను పిలువలేదనియు, ఊరక దుఃఖించి సంతోషింపుమని మాత్రమే పిలిచెననియు ఆయన ఒప్పుకొనెను. మన ఆలంకారికులు కరుణరసము సహితము ఆనందమునకే కారణమగునని మెచ్చుకొనిరి. ఆగస్టీను ఆ యానందమునే అనుమానించెను. ఎదుటివాని కష్టమును చూచి హాయిగా ఏడ్చి, కన్నులు తుడుచుకొని, ఇంటికి పోయి భోజనము చేయువాడు దయాళువా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పని సినిమావిచారము నాకు సంపూర్ణముగ తోచదు.

చిత్రముల మంచిచెడ్డలు నిర్ణయించుటకు క్రైస్తవులు మొదట అవలంబించిన మార్గము దోషములను లెక్కించుట. అమెరికాదేశమున 1930లో డేనియల్ లార్డ్ అను జెస్యూటు గురువును, మార్టిన్ క్విగ్లీ అను కథోలిక పత్రికాధిపతియు కలసి చిత్రనిర్మాతలకు ఒక నియమావళి సిద్ధపఱచిరి. ముద్దు ఎట్టిది, వస్త్రము ఎంతవఱకు, దూషణపదము ఏది అని అది నిర్ణయించెను. 1934 మొదలు కఠినముగ అమలుజరిగి 1968లో అది రద్దయ్యెను. కథోలికులు స్థాపించిన "లీజియన్ ఆఫ్ డీసెన్సీ" అను సంఘము చిత్రములను తరగతులుగా విభజించి, చూడరానివానిని ప్రకటించుచుండెను. వారి యుద్దేశము మంచిదే. బిడ్డలుగల తండ్రిగా నేను వారిని పరిహసింపజాలను.

కాని లెక్క యెక్కడ తప్పెనో చూడుడు. ఇటలీదేశపు దర్శకుడు రొసెల్లినీ తీసిన "ది మిరకిల్" అను చిన్న చిత్రములో ఒక అమాయకురాలు, త్రోవన పోవు అపరిచితుని పరిశుద్ధుడైన యోసేపని నమ్మి, అతనివలన గర్భవతియై, ఊరివారిచేత ఎగతాళికి గురియగును. ఇది దైవదూషణమని ఆ సంఘము కేకలువేసెను. న్యూయార్కు అధికారులు 1951లో ప్రదర్శనానుమతిని ఉపసంహరించిరి. 1952లో అమెరికా అత్యున్నత న్యాయస్థానము ఆ నిర్ణయమును కొట్టివేసి, చలనచిత్రమునకును వాక్స్వాతంత్ర్యము కలదని తీర్పుచెప్పెను. పిమ్మట 1995లో, చలనచిత్రకళ పుట్టి నూఱేండ్లయిన సందర్భమున, వాటికన్ 45 గొప్ప చిత్రముల పట్టికను ప్రకటించెను. అందు అదే రొసెల్లినీ చిత్రములు రెండు గలవు. నాస్తికుడును మార్క్సువాదియునైన పసోలినీ 1964లో తీసిన "మత్తయి సువార్త" చిత్రమును గలదు. ఒక తరమువారు తలుపుబయట నిలిపినవానిని మఱియొక తరమువారు పీటవేసి కూర్చుండబెట్టిరి.

దోషములను లెక్కించుటయే ధర్మమైనచో మన పవిత్రగ్రంథమే పరీక్షలో నెగ్గదు. దావీదు రాజు మిద్దెమీదనుండి పరస్త్రీని చూచెను, పిలిపించెను, ఆమె భర్తను యుద్ధములో చంపించెను. సమూయేలు రెండవ గ్రంథము ఇందేదియు దాచలేదు. సినిమాలకు వ్యతిరేకముగ మన పెద్దలు తఱచు ఉదాహరించునది పౌలు ఫిలిప్పీయులకు వ్రాసిన యుపదేశము. మీరు ధ్యానింపదగినవి ఇవి యని అపొస్తలుడు కొన్ని గుణములను వరుసగా చెప్పెను. ఆ వరుసలో పవిత్రత నాలుగవది; మొదటిది సత్యము. ఈ క్రమమును నేను చాలకాలము గమనింపలేదు.

దావీదు కథలోనే నాకు కావలసిన కొలబద్ద దొరకినది. రాజు తన పాపమును మఱచి సుఖముగానుండ, నాతాను ప్రవక్త వచ్చి ఒక కథ చెప్పెను. ఒక ధనికుడు, ఒక దరిద్రుడు. దరిద్రునికి ఒకే గొఱ్ఱెపిల్ల. దానిని బిడ్డవలె పెంచుకొనుచుండెను. ధనికుని యింటికి అతిథి రాగా, అతడు తన మందలను ముట్టక ఆ యొక్క గొఱ్ఱెపిల్లను పట్టి వండించెను. కథ విని దావీదు మండిపడి, అట్టివాడు మరణపాత్రుడనెను. ఆ మనుష్యుడవు నీవేయని ప్రవక్త చెప్పెను. ఈ కథలో దేవుని పేరు లేదు, ప్రార్థన లేదు, ధర్మసూత్రము లేదు. అయినను అది రాజును సింహాసనమునుండి నేలకు దించెను. మన ఆలంకారికులు వేదము ప్రభువువలె శాసించుననియు, పురాణము మిత్రునివలె చెప్పుననియు, కావ్యము కాంతవలె మనసు కరగించి త్రిప్పుననియు అనిరి. నాతాను చేసినది ఆ మూడవది.

కావున నా మనవి యిది. ఏ చిత్రము చూచి "ఆ మనుష్యుడను నేనే" యని ప్రేక్షకుడు తలవంచునో అది చూడదగినది. ఏ చిత్రము చూచి "ఆ మనుష్యుడు వాడే" యని పొరుగువానివైపు వ్రేలు చూపునో, అందు ఎన్ని ప్రార్థనలున్నను అది కీడే.

ఇది నేను గ్రంథములలో మాత్రమే నేర్వలేదు, తప్పుచేసి నేర్చితిని. 2014లో అమెరికాలో వెలువడిన "గాడ్స్ నాట్ డెడ్" అను చిత్రమును మా కుమారునికి నేనే చూపితిని. సుమారు 20 లక్షల డాలర్లతో తీసిన ఆ చిత్రము ఆ దేశమునందే 6 కోట్ల డాలర్లకు పైగా ఆర్జించినది. అందు నాస్తికుడైన తత్త్వశాస్త్రాచార్యుడు దేవుడు చనిపోయెనని వ్రాసి సంతకము చేయుడని విద్యార్థులను నిర్బంధించును. విశ్వాసియైన యొక విద్యార్థి అతనితో వాదించి గెలుచును. చిన్ననాడు తల్లి మరణించుటచే ఆచార్యునికి దేవునిమీద పగపట్టినదని తుదకు తేలును. బూతుమాట లేదు, అసభ్యదృశ్యము లేదు. నిశ్చింతగా చూపితిని. చిత్రకర్తల భక్తిని నేనిప్పుడును శంకింపను.

మా పొరుగింట హేతువాది యొకరు గలరు. మా కుమారుడు పుట్టినపుడు తల్లికి రక్తము అవసరమైతే, అర్ధరాత్రి లేచివచ్చి ఇచ్చినది ఆయనయే. ఆయన యొడిలోనే ఆడుకొని పెరిగిన మావాడు, ఆ చిత్రము చూచిన మఱునాడు నన్నడిగెను: "నాన్నగారూ, మామయ్యకు చిన్నప్పుడు ఎవరు చనిపోయారు? దేవుడిమీద ఆయనకు ఎందుకంత కోపం?"

నాకు నోట మాట రాలేదు. ఆయనకు కోపమన్నది నేనెన్నడును ఎఱుగను. అవిశ్వాసమనగా గాయమో ద్వేషమో యని నా బిడ్డ ఒక్క పూటలో నేర్చెను. ఎదుటివానిని మనుష్యునిగా చూచు కన్ను కొంత మసకవాఱెను. ఆ మసకను తెచ్చినది నేను దోషరహితమని యేర్చి తెచ్చిన వస్తువు. తప్పు నాది.

దీనికి ప్రక్కన 2019లో టెరెన్స్ మాలిక్ తీసిన "ఏ హిడెన్ లైఫ్" ను ఉంచి చూడుడు. ఫ్రాంజ్ యేగర్‌స్టేటర్ ఆస్ట్రియాదేశపు పల్లెకాపు; భార్య, ముగ్గురు కుమార్తెలు. హిట్లరునకు విధేయుడనని ప్రమాణము చేయనని అతడు నిరాకరించెను. 1943 ఆగస్టు 9న అతని శిరస్సు ఖండించిరి. 2007లో కథోలిక సంఘము అతనిని ధన్యునిగా ప్రకటించినది. ఈ చిత్రములో అతనిని బాధించువారు రాక్షసులు కారు. దినదినము పలుకరించు పొరుగువారు, ఆదివారము ప్రక్కన మోకరించువారు. నీ మొండితనమువలన యుద్ధమాగునా, నీ భార్యాబిడ్డలగతి యేమి యని వారు వేయు ప్రశ్నలు నేనును వేయునవే. దేవాలయపు గోడలకు చిత్రములు వ్రాయు ఒక ముసలివాడు అందు గలడు. జనులు మెచ్చు సుఖవంతుడైన క్రీస్తునే తాను చిత్రించుచున్నాననియు, నిజమైన క్రీస్తును చిత్రించుటకు తనకింకను ధైర్యము చాలలేదనియు అతడు ఒప్పుకొనును. మూడుగంటలకు కొంచెము తక్కువైన ఈ చిత్రమును నేను చూచినంతసేపును ఆ కాపు స్థానములో గాక, అతనిని చూచి తలుపు వేసికొన్న పొరుగువాని స్థానములోనే కూర్చుంటిని.

ఇట్లనినచో ఏది చూపినను చెల్లునాయని కొందఱు అడుగవచ్చును. చెల్లదు. పాపమును చూపుట వేఱు, పాపమును రుచిచూపుట వేఱు. స్కోర్సేసే 2016లో తీసిన "సైలెన్స్" చిత్రమున పదునేడవ శతాబ్దపు జపానులో క్రైస్తవులను పెట్టిన చిత్రహింసలు గలవు. షుసాకు ఎండో 1966లో ప్రకటించిన నవల దానికి మూలము. ఆ హింస చూచి ఎవడును సంతోషింపడు. నా విశ్వాసమైతే నిలుచునా యని వణకును. అదే హింస ఈలలు వేయించుటకై తీయబడినచో, ఒక్క రక్తపుచుక్క కనబడకున్నను అది విషమే. అయినను "సైలెన్స్" నా కుమారునికి నేనింకను చూపలేదు. పాలు త్రాగు ప్రాయమున అన్నముపెట్టుట ధర్మము కాదు. తల్లిదండ్రులు ముందు తాము చూడవలెను, పిదప బిడ్డల ప్రక్కన కూర్చుండి చూడవలెను, ముగిసిన పిమ్మట మాటలాడవలెను. వెదకువారికి సాయములును కలవు. పైన చెప్పిన వాటికన్ పట్టిక యొకటి. కాన్ నగరపు చిత్రోత్సవములో 1974 మొదలుకొని కథోలికులును ప్రొటెస్టంటులును కూడిన క్రైస్తవ న్యాయనిర్ణేతల సంఘము ఇచ్చుచున్న బహుమానముల వరుస మఱియొకటి.

ఆ సంఘము 2019లో "ఏ హిడెన్ లైఫ్" ను, 2023లో విమ్ వెండర్స్ తీసిన "పర్ఫెక్ట్ డేస్" ను సన్మానించినది. ఈ రెండవదానిలో క్రీస్తు పేరే లేదు. టోక్యోనగరములో ప్రజల మరుగుదొడ్లు కడుగు ఒక ప్రౌఢుని దినచర్య, అంతే. అతడు తెల్లవాఱగనే లేచును, ఆకాశమువంక చూచి నవ్వును, ఎవరును చూడని మూలలను సహితము అద్దముపెట్టి చూచి తుడుచును. లోనికి వచ్చువారు అతని యెదుటనే నడచుచు అతనిని చూడరు. అక్కడి మరుగుదొడ్లు వేఱు, మన దేశపువి వేఱు. మలమును చేతులతో ఎత్తించు పనిని 2013 చట్టముతో మఱల నిషేధింపవలసివచ్చిన దేశము మనది. ఆ ప్రశాంతతను చూచి, కష్టజీవులందఱు సంతుష్టులేయని మనము తృప్తిపడుటయు ఒక మోసమగును. ఆగస్టీను హెచ్చరించిన కన్నీరు ఇదియే.

మఱునాడు ఉదయము బడికి పోవునపుడు నాకొకటి తట్టినది. మా పాఠశాల మరుగుదొడ్లు కడుగు స్త్రీని మేమందఱము "ఆయా" యందుము. ఆఱేండ్లుగా దినమును చూచుచున్నాను. ఆమె పేరు నేనెఱుగను. గేటుదగ్గఱ ఆమెను నిలిపి, "అమ్మా, నీ పేరేమి?" అని అడిగితిని. ఆమె చేతిలోని బకెట్టు క్రింద పెట్టి, కొంగు సవరించుకొని, భయముతో నావంక చూచి, "నేనేం తప్పు చేశాను మాస్టారూ?" అనెను.

పేరడుగుట ఆమెకు ఫిర్యాదు వ్రాయుటకు ముందుజరుగు పనిగానే తెలియును. తప్పేమియు లేదని నచ్చజెప్పుటకు కొంతసేపు పట్టినది. పేరు చెప్పినది. పిదప చూచితిని: ఆమె చేతులకు తొడుగులు లేవు, వ్రేళ్ల సందులు మందునీళ్లకు ఒలిచిపోయియున్నవి. ఆ సాయంకాలము తొడుగులకును పొడుగుపిడి చీపురునకును అర్జీ వ్రాసి, మా ప్రధానోపాధ్యాయులవారి బల్లమీద పెట్టితిని. అందు మొదటి పంక్తిలో ఆమె పేరు వ్రాసితిని.